బంతి తగిలింది! అంపైరు ఏమంటారు?

చెడుగుడు ఆట అందరూ చూసిందే. "తాకాను" అని ఒకరంటారు. "తాకలేదు" అని ఇంకొకరంటారు. తీర్పు చెప్పే మనిషి లేకపోతే ఆట ఆగిపోతుంది. ఒక్కోసారి ఆట పోయి కొట్లాట మిగులుతుంది.

పల్నాటివారికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పల్నాటి వీరుల కథలో కోడిపందెం ఉంది. ఆ పందెంలో బ్రహ్మనాయుడి పక్షం ఓడింది. వాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లారు. గడువు తీరినా రాజ్యం తిరిగి రాలేదు. చివరికి కారంపూడిలో యుద్ధం జరిగింది. ఇరుపక్షాలూ తలవంచే తీర్పరి లేకపోతే ఏమవుతుందో ఆ కథ చెబుతుంది.

అందుకే ఆటకు అంపైరు కావాలి.

సాఫ్ట్‌బాల్ అంటే ఏమిటి?

అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉంది. సాఫ్ట్‌బాల్ దానికి చెల్లెలు లాంటిది. మన రాష్ట్రంలో బడిపిల్లల పోటీల్లో సాఫ్ట్‌బాల్ కూడా ఉంది. ఆడపిల్లలు బాగా ఆడతారు. 1996లో ఒలింపిక్ పోటీల్లో ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్ మొదటిసారి ఆడారు.

క్రికెట్‌లో లాగే ఇందులో ఒకరు బంతి వేస్తారు. ఆమె పిచర్. ఒకరు కొడతారు. ఆమె బ్యాటర్. బ్యాటర్ వెనక బంతి పట్టే మనిషి ఉంటుంది. ఆ వెనకే అంపైరు నిలబడతారు. మైదానంలో నాలుగు చోట్ల బేసులు ఉంటాయి. నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు.

సాఫ్ట్ అంటే మెత్తన. కానీ పేరు చూసి మోసపోకూడదు. బంతి గట్టిగానే ఉంటుంది. బరువు సుమారు 180 నుంచి 200 గ్రాములు. పెద్ద ఆడపిల్లల ఆటలో పిచర్ 13 మీటర్ల దూరం నుంచి విసురుతుంది. తగిలితే దెబ్బే.

అంపైరు చూసే సంగతులు

బంతి బ్యాటర్ ఒంటికి తగిలితే అంపైరు వెంటనే చేతులెత్తి ఆట ఆపుతారు. ఇక ఎవరూ పరుగు తీయకూడదు. దెబ్బ ఎలా ఉందో ముందు చూస్తారు. తీర్పు తర్వాత.

తీర్పుకు నాలుగు ప్రశ్నలు ఉన్నాయి.

ఒకటి. బంతి నిజంగా తగిలిందా? ఒంటికి తగలనక్కర్లేదు. వేసుకున్న బట్టకు తగిలినా తగిలినట్టే. నేలకు కొట్టుకుని ఎగిరి తగిలినా తగిలినట్టే.

రెండు. బ్యాటర్ బంతిని కొట్టబోయిందా? కొట్టబోయి దెబ్బ తింటే ఆమెకు ఏమీ రాదు. పైగా అది స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే అవుట్.

మూడు. బంతి సరైన చోట వచ్చిందా? మోకాళ్ల నుంచి సుమారు రొమ్ము ఎత్తు దాకా, బేస్ పలక మీదుగా రావాలి. అలా వచ్చిన బంతికి బ్యాటర్ అడ్డం వస్తే తప్పు పిచర్‌ది కాదు. అది కూడా స్ట్రైకే.

నాలుగు. బ్యాటర్ కావాలని ఒళ్లు అడ్డం పెట్టిందా? అలా పెడితే బేస్ ఇవ్వరు. బేస్‌బాల్‌లో అయితే తప్పుకునే ప్రయత్నం కూడా చేసి ఉండాలి.

ఈ తప్పులేవీ లేకుండా బంతి తగిలితే బ్యాటర్‌కు మొదటి బేస్ ఊరికే ఇస్తారు. అక్కడ ముందే ఒకరు ఉంటే ఆమె తర్వాతి బేస్‌కు జరుగుతుంది.

చేతికి తగిలితే?

ఇక్కడే తగాదాలు ఎక్కువ. క్రికెట్‌లో బ్యాట్ పట్టుకున్న చేతికి బంతి తగిలితే బ్యాట్‌కు తగిలినట్టే లెక్క. బేస్‌బాల్‌లో, సాఫ్ట్‌బాల్‌లో అలా కాదు. చేయి ఒంటిలో భాగమే. క్రికెట్ చూసి అలవాటైన వాళ్లు ఈ తేడా తెలియక అంపైరు మీద కేకలేస్తారు.

ఒక ప్రాణం పోయింది

1920 ఆగస్టు 16న న్యూయార్క్‌లో బేస్‌బాల్ ఆట జరుగుతోంది. రే చాప్‌మన్ అనే ఆటగాడి తలకు బంతి తగిలింది. ఠప్పుమని చప్పుడైంది. బ్యాట్‌కు తగిలిందనుకుని పిచర్ బంతి ఏరి మొదటి బేస్‌కు విసిరాడు. చాప్‌మన్ కింద పడిపోయాడు. మర్నాడు చనిపోయాడు. అప్పటికి తలకు టోపీ రక్షణ లేదు. అమెరికా పెద్ద పోటీల్లో గట్టి హెల్మెట్ తప్పనిసరి అయింది 1971లో. అంటే యాభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు పిచర్ కావాలని మనిషికేసి విసిరితే అంపైరు మైదానం నుంచి పంపించివేయవచ్చు. ఆటలో గెలుపు కన్నా ప్రాణం గొప్పది. మన పిల్ల సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే మానిపించనక్కర్లేదు. తలకు హెల్మెట్ ఉందా అని అడగాలి. అంత చాలు.

తీర్పు చెప్పే ఆడవాళ్లు

జెన్ పావోల్ అనే ఆమె ఏళ్ల తరబడి సాఫ్ట్‌బాల్ అంపైరుగా పనిచేసింది. తర్వాత బేస్‌బాల్‌కు వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా పెద్ద పోటీల్లో అంపైరుగా నిలబడింది. అక్కడ ఆ పని చేసిన మొదటి ఆడమనిషి ఆమే.

మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో అంతర్జాతీయ క్రికెట్‌లో మ్యాచ్ రిఫరీ అయ్యారు. ఆడవాళ్లలో ఆమే మొదటివారు. అదే ఏడు మగవాళ్ల అంతర్జాతీయ వన్డే ఆటకూ రిఫరీగా ఉన్నారు.

తీర్పు చెప్పడానికి గొంతు పెద్దది కానక్కర్లేదు. నియమం తెలియాలి. కళ్లు తెరిచి చూడాలి. మనవాళ్లు, పరాయివాళ్లు అనుకోకూడదు.

కొత్త మాటలు

తీర్పరి: తీర్పు చెప్పే మనిషి
నియమం: అందరూ ఒప్పుకుని పాటించే కట్టుబాటు
హెల్మెట్: తలకు దెబ్బ తగలకుండా పెట్టుకునే గట్టి టోపీ

ఆలోచించి చెప్పండి

1. బంతి నేలకు కొట్టుకుని ఎగిరి, తప్పుకోబోయిన బ్యాటర్ కాలికి తగిలింది. అంపైరు ఏమంటారు?
2. బ్యాటర్ కొట్టబోయింది. బంతి చేతికి తగిలింది. మొదటి బేస్ ఇస్తారా?
3. మీ ఊళ్లో పిల్లల ఆటల్లో తగాదా వస్తే తీర్పు ఎవరు చెబుతారు? ఆ తీర్పును అందరూ ఒప్పుకుంటారా?