నిమ్మరసము: నిలువయు, చెడిపోవు లక్షణములును

వర్షకాలమున నిమ్మకాయలు చవుకగా దొరకును. ఎండలు ముదరగనే ధర పెరుగును. గూడూరు, నకిరేకల్ మార్కెట్ల సంగతి ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. రంజాన్ మాసము వేసవిలో వచ్చిన సంవత్సరములలో ఇఫ్తార్ షర్బత్తు కొరకు ముందుగనే రసము పిండి సీసాలలో ఉంచువారు కలరు. పులుపు ఉన్నంతవరకు రసము చెడదని వారి నమ్మకము. అందు సగము మాత్రమే సత్యము.

నిమ్మరసమున నూటికి అయిదారు పాళ్ళు సిట్రిక్ ఆమ్లము ఉండును. దీనిని 1784లో షీలే అను స్వీడిష్ శాస్త్రజ్ఞుడు నిమ్మరసము నుండియే స్ఫటికరూపమున వేరుచేసెను. ఇంతటి ఆమ్లములో వ్యాధికారక బాక్టీరియాలు సాధారణముగా వృద్ధిచెందవు. ఈస్టులు, బూజులు మాత్రము ఆమ్లమునకు వెరవవు.

పులుపును నమ్మి ఒక నౌకాదళమే మోసపోయినది. చిగుళ్ళు వాచి నెత్తురు కారు స్కర్వీ వ్యాధి సోకిన 12 మంది నావికులకు 1747లో జేమ్స్ లిండ్ అను వైద్యుడు జంటకొక మందు ఇచ్చి పరీక్షించెను. నారింజ, నిమ్మపండ్లు తిన్న జంట త్వరగా కోలుకొనెను. అయినను, పండ్లు ఓడలో నిలువవని తలచి, రసమును కాచి చిక్కబరచి దాచవలెనని ఆయనయే తరువాత సలహా ఇచ్చెను! ఆ పాకము పుల్లగనే ఉండెను. గుణము చాలవరకు పోయెను. 1795 నుండి బ్రిటిషు నౌకాదళము మధ్యధరా ప్రాంతపు పెద్దనిమ్మ రసము పంచగా వ్యాధి అణగెను. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున వెస్టిండీసు చిన్ననిమ్మ రసమునకు మారిరి. 1875లో ఉత్తరధ్రువమునకు బయలుదేరిన నేర్స్ బృందము ఆ రసమును వెంట తీసికొనిపోయినను స్కర్వీ పాలయ్యెను. పులుపు సిట్రిక్ ఆమ్లమువలన కలుగునది. స్కర్వీని మాన్పునది విటమిన్ సి. చిన్ననిమ్మలో అది తక్కువ; ఉన్నదియు వేడికి, గాలికి, రాగి స్పర్శకు నశించును. మన ఇండ్లలోని నిమ్మయు ఆ చిన్ననిమ్మ జాతిదే.

కావున రసమును రాగి, ఇత్తడి, అల్యూమినియము పాత్రలలో ఉంచరాదు. ఉడికించి ఆరబెట్టిన గాజుసీసాను మెడవరకు నింపి, గాలికి చోటు లేకుండ మూత బిగింపవలెను. గింజలు నలిగినచో కొన్ని గంటలలో చేదు పుట్టును. పిండినవాని తప్పు రసముపై పడును. రెఫ్రిజిరేటరులో మూడు నాలుగు దినములు నిలుచును. ఐసు పళ్ళెములలో గడ్డకట్టించినచో కొన్ని నెలలు ఉంచవచ్చును. వేసవికి దాచదలచినవారికి ఇదియే ఉత్తమము. పంచదార పాకముతో స్క్వాష్ చేసి పొటాషియం మెటాబైసల్ఫైట్ కలుపు పద్ధతియు కలదు, కిలోకు 0.6 గ్రాము మించరాదు. ఉబ్బసము గలవారికి అది పడకపోవచ్చును.

ఇక లక్షణములు. గుజ్జు అడుగునకు దిగి పైన తేట ఏర్పడుట చెడిపోవుట కాదు. అది పెక్టిన్‌పై ఎంజైము చేయు పని, కుదిపిన కలిసిపోవును. రంగు గోధుమవన్నెకు తిరిగినచో రుచియు, విటమిన్‌ సియు తగ్గినవని తెలియవలెను. మూత తీయగనే బుస్సుమని గాలి వెలువడినను, బుడగలు లేచినను, కల్లువాసన వచ్చినను ఈస్టు పులియబెట్టినదని నిశ్చయింపవచ్చును; అట్టి రసమును పారబోయవలెను. పైన తెల్లని పొర కట్టినప్పుడు చెంచాతో దానిని తీసివేసి మిగిలినది వాడుట మన వంటిండ్లలో తరచు జరుగుచున్నది. బూజు పోగులు కంటికి కానరాకుండ పొర క్రిందకును వ్యాపించియుండును.