ఆకులో నూనె ఉంటుందా?



పల్లీలో, నువ్వులో నూనె ఉందంటే అందరం నమ్ముతాం. ఆకులో కొవ్వు ఉందంటే చెన్నూరు హాస్టల్లో చదివేటప్పుడు నేనూ నమ్మలేదు. తామరాకు మీద నీటిచుక్క అంటకుండా జారిపోతుంది కదా! దానికి కారణం ఆకు పైనుండే మైనపు పూత. మైనం కూడా ఒక లిపిడే. ఆకు లోపల పత్రహరితం ఉండే హరితరేణువుల పొరల్లో గాలక్టోలిపిడ్లు, మిగతా కణపొరల్లో ఫాస్ఫోలిపిడ్లు ఉంటాయి.

వీటిని బయటికి తీయడం ఎలా? ఎమ్మెస్సీ ప్రాక్టికల్‌లో నేను సాయంత్రం ఆకులు నూరి, తెల్లవారే దాకా అలాగే ఉంచాను. ఫాస్ఫోలిపిడ్లు చాలావరకు విరిగిపోయాయి. ఆకును నూరినా దానిలోని ఎంజైములు పని ఆపవు, లిపిడ్లను ముక్కలు చేస్తూనే ఉంటాయి. నా కష్టం వృథా అయింది, పాఠం మాత్రం మిగిలింది.

సరైన పద్ధతి ఇది:

1. కోసిన వెంటనే ఆకును సుమారు 75 డిగ్రీల వేడి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేయాలి. ఎంజైములు పనిచేయడం ఆగిపోతుంది.

2. తరువాత క్లోరోఫాం రెండు పాళ్లు, మిథనాల్ ఒక పాలు కలిపి నూరాలి. ఈ మిశ్రమం 1957లో ఫోల్చ్ బృందం ప్రచురించిన పద్ధతిలోనిది. మిథనాల్ ప్రొటీన్ల నుంచి లిపిడ్లను విడదీస్తుంది, క్లోరోఫాం వాటిని కరిగిస్తుంది.

3. వడకట్టి ఉప్పునీరు కలిపితే రెండు పొరలవుతాయి. చక్కెరలు, లవణాలు పైపొరలోకి, లిపిడ్లు బరువైన కింది ఆకుపచ్చ పొరలోకి చేరుతాయి.

4. కింది పొరను తీసి ఆరబెట్టి, మిగిలినదాన్ని సిలికా గొట్టంలో పోయాలి. క్లోరోఫాం పోస్తే మైనం, రంగుల వంటివి, అసిటోన్ పోస్తే గాలక్టోలిపిడ్లు, చివరికి మిథనాల్ పోస్తే ఫాస్ఫోలిపిడ్లు దిగుతాయి. ధ్రువత ఎక్కువున్నదాన్ని సిలికా గట్టిగా పట్టుకుంటుంది, అందుకే అది ఆఖరున వస్తుంది.

ఇలా వేరుచేయడాన్ని క్రొమటోగ్రఫీ అంటారు. 1903లో వార్సాలో స్వెత్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదట వివరించాడు. తరువాత సుద్దపొడి నింపిన గొట్టంలో ఆకు రంగులను పట్టీలుగా విడదీశాడు.

ఒక హెచ్చరిక: క్లోరోఫాం, మిథనాల్ విషాలు. సార్ లేకుండా, ల్యాబ్ బయట ముట్టవద్దు.

ఇక మన కంచం సంగతి. మునగాకు, తోటకూరల్లోని కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది. కూరలో కాస్త నూనె ఉంటేనే అది ఒంటికి బాగా పడుతుంది. దానితోనే శరీరం విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. ఆ విటమిన్ తక్కువైతే రేచీకటి వస్తుంది. కాబట్టి రేపు మెస్‌లో ఆకుకూర వడ్డిస్తే పక్కకు నెట్టకండి తమ్ముళ్లూ!