ఫ్యాక్టరీ పక్కన ఊరు

మీ ఊరి దగ్గర ఫ్యాక్టరీ ఉందా? అందులో ఏం తయారు చేస్తారో మీకు తెలుసా? రంగులా, మందులా, ప్లాస్టిక్కా, పురుగు మందులా? ఒక రాత్రి అక్కడ ప్రమాదం జరిగితే ఎటు వెళ్లాలో ఎవరైనా మీకు చెప్పారా?

చాలా ఊళ్లలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. మనమూ అడగం. అడగకపోతే ఏమవుతుంది? అడిగితే ఏం వస్తుంది? భోపాల్‌లో జరిగింది చదివితే తెలుస్తుంది. ఇది కట్టుకథ కాదు. నిజంగా జరిగిన సంగతి.

1. ఆ రాత్రి

భోపాల్ నగరం మధ్యప్రదేశ్ రాష్ట్రానికి రాజధాని. అక్కడ యూనియన్ కార్బైడ్ అనే కంపెనీకి పురుగు మందుల ఫ్యాక్టరీ ఉండేది. అది అమెరికా కంపెనీ. ఫ్యాక్టరీ గోడ పక్కనే పేదల బస్తీలు ఉండేవి. కూలీనాలీ చేసుకునేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు అక్కడ కాపురం ఉండేవారు.

పురుగు మందు తయారు చెయ్యడానికి ఆ ఫ్యాక్టరీలో 'మిక్' అనే విష ద్రవం వాడేవారు. దాని పూర్తి పేరు మిథైల్ ఐసోసయనేట్. దానికి నీళ్లు తగిలితే వేడెక్కి పొంగుతుంది. ఆవిరిగా మారి బయటికి తన్నుకొస్తుంది. అందుకే దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. నీటి చుక్క తగలకుండా చూసుకోవాలి.

1984 డిసెంబర్ 2వ తేదీ రాత్రి. ఊరంతా నిద్రపోతోంది. మిక్ ఉన్న ట్యాంకులోకి నీళ్లు చేరాయి. ట్యాంకు వేడెక్కింది. దాన్ని చల్లబరిచే యంత్రం ఉంది. కానీ కంపెనీవాళ్లు దాన్ని నెలల ముందే ఆపేశారు. బయటికి వచ్చే విషవాయువును కాల్చేసే గొట్టం ఉంది. అది మరమ్మతులో ఉంది. దాదాపు 40 టన్నుల విషం గాలిలో కలిసింది. జనాన్ని లేపాల్సిన సైరన్ కాసేపు మోగి ఆగిపోయింది.

జనం దగ్గుతూ లేచారు. ఎవరో మిరపకాయలు కాలుస్తున్నారు అనుకున్నారు. కళ్లు మండిపోయాయి. ఊపిరి ఆడలేదు. పిల్లల్ని చంకనేసుకుని వీధుల్లోకి పరుగెత్తారు. ఎటు వెళ్లాలో చెప్పేవాళ్లు లేరు. గాలి వీచే వైపే పరుగెత్తినవాళ్లను విషం వెంటాడింది. ఆ వాయువు గాలి కంటే బరువైనది. నేలను అంటి పాకింది. చిన్న పిల్లలకు ఎక్కువగా తగిలింది.

తెల్లవారేసరికి వీధుల నిండా శవాలు. చివరికి ప్రభుత్వం 5,295 మరణాలకు పరిహారం ఇచ్చింది. అసలు లెక్క అంతకంటే చాలా ఎక్కువ అని బాధితుల సంఘాలు చెబుతాయి. చనిపోయినవాళ్లనూ, జబ్బు పడ్డవాళ్లనూ కలిపితే 5 లక్షల 70 వేల మందికి పైగా పరిహారం అందింది. దీన్నిబట్టి ఆ రాత్రి ఎంత పెద్దదో అర్థం చేసుకోవచ్చు.

2. ముందే తెలియదా?

తెలుసు. 1981లో ఆ ఫ్యాక్టరీలోనే విషవాయువు తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982లో అమెరికా నుంచి కంపెనీ నిపుణులు వచ్చి చూశారు. ఫలానా లోపాలున్నాయని రాసి ఇచ్చారు. అదే ఏడాది రాజ్‌కుమార్ కేశ్వానీ అనే విలేఖరి తన పత్రికలో హెచ్చరిక రాశాడు. ఊరికి ముప్పు ఉందన్నాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ రాశాడు. కంపెనీ సరిదిద్దుకోలేదు. సర్కారు పట్టించుకోలేదు. బస్తీలో ఉన్నవాళ్లకు ఆ సంగతి చేరనే లేదు. చేరినా చదవగలిగినవాళ్లు కొద్దిమందే.

3. కంపెనీ ఏం చేసింది?

ఆసుపత్రులు నిండిపోయాయి. ఏ మందు ఇవ్వాలో డాక్టర్లకు తెలియలేదు. ఈ వాయువు కన్నీటి గ్యాస్ లాంటిదేనని కంపెనీ డాక్టరు చెప్పాడు. పూర్తి వివరాలు కంపెనీ ఇవ్వలేదు.

కంపెనీ పెద్ద వారెన్ ఆండర్సన్ అమెరికా నుంచి భోపాల్ వచ్చాడు. డిసెంబర్ 7న పోలీసులు అరెస్టు చేశారు. ఆ రోజే బెయిలు ఇచ్చారు. ఆయన తన దేశం వెళ్లిపోయాడు. మళ్లీ మన కోర్టు మెట్లు ఎక్కకుండానే 2014లో చనిపోయాడు. ఎవరో కార్మికుడు కావాలనే ట్యాంకులో నీళ్లు కలిపాడని కంపెనీ వాదించింది. యంత్రాలు ఎందుకు ఆపేశారన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఫ్యాక్టరీ మూతపడింది. విష పదార్థాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. అవి నేలలోకి ఇంకాయి. చుట్టుపక్కల బోరింగుల నీళ్లు పాడయ్యాయి. గ్యాస్ తగలనివాళ్లు కూడా ఆ నీళ్లు తాగాల్సి వచ్చింది.

4. సర్కారు ఏం చేసింది?

1985లో కేంద్ర ప్రభుత్వం ఒక చట్టం చేసింది. బాధితులందరి తరఫున తానే దావా వేస్తానంది. 330 కోట్ల డాలర్లు ఇవ్వాలని కంపెనీని అడిగింది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అంటే అడిగినదాంట్లో ఏడో వంతు. రాజీకి ముందు బాధితులను ఒక్క మాట అడగలేదు.

ఆ డబ్బు కోసం జనం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆసుపత్రి చీటీ ఏది? రేషన్ కార్డు ఏది? ఆ రాత్రి ఇక్కడే ఉన్నావని రుజువేది? అన్నీ కాగితాలే అడిగారు. ప్రాణం చేత పట్టుకుని పరుగెత్తినవాళ్ల దగ్గర కాగితాలు ఎక్కడివి? చదువు రానివాళ్లు దళారుల చేతుల్లో పడ్డారు. జబ్బు పడ్డవాళ్లలో ఎక్కువమందికి దక్కింది 25,000 రూపాయలు. సుప్రీంకోర్టు చెప్పాక 2004 నుంచి ఇంకో 25,000 ఇచ్చారు. జీవితాంతం ఆయాసపడే మనిషికి అది ఏ మూలకు?

శిక్ష సంగతి? 2010లో భోపాల్ కోర్టు ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ల జైలు వేసింది. వాళ్లకు అప్పుడే బెయిలు వచ్చింది.

అయితే ఒక మంచి జరిగింది. భోపాల్ తర్వాత కొత్త చట్టాలు వచ్చాయి. 1986లో పర్యావరణ రక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చారు. ప్రమాదకరమైన పనులు చేసే ఫ్యాక్టరీ ఆ ప్రమాదం గురించి కార్మికులకూ, చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలని అందులో రాశారు. 2020లో చేసిన కొత్త కార్మిక చట్టంలో కూడా ఈ నియమం ఉంది. అడిగే హక్కు మనకు ఇలా వచ్చింది. వేల ప్రాణాలు పోయాక వచ్చింది.

5. ఆడవాళ్లు ఏం చేశారు?

ఇంట్లో మగవాళ్లు పోయారు. ఉన్నవాళ్లు మంచాన పడ్డారు. అప్పటిదాకా గడప దాటని ఆడవాళ్లు బయటికి వచ్చారు. 'మాకు భిక్ష వద్దు, పని ఇవ్వండి' అన్నారు. భోపాల్ గ్యాస్ పీడిత్ మహిళా ఉద్యోగ్ సంఘటన్ అనే సంఘం పెట్టుకున్నారు. వారం వారం ఒక పార్కులో కూడేవారు. కోర్టులో ఏం జరిగిందో చెప్పుకునేవారు. తర్వాత ఏం చెయ్యాలో మాట్లాడుకునేవారు.

రషీదా బీ బీడీలు చుట్టి బతికేది. పెద్దగా చదువుకోలేదు. పరదా చాటున పెరిగింది. చంపాదేవి శుక్లా ఇంకో మతం, ఇంకో ఇల్లు. సర్కారు పెట్టిన కాగితపు పని శిక్షణలో ఇద్దరూ కలిశారు. శిక్షణ అయ్యాక పని లేదన్నారు. ఇద్దరూ తోటి ఆడవాళ్లను కూడగట్టారు. పోరాడి పని తెచ్చుకున్నారు. జీతం తక్కువ ఇస్తున్నారని మళ్లీ పోరాడారు. 1989లో పిల్లల్ని వెంటబెట్టుకుని భోపాల్ నుంచి ఢిల్లీకి కాలినడకన వెళ్లారు. దారి 700 కిలోమీటర్లకు పైనే.

2004లో వీళ్లిద్దరికీ గోల్డ్‌మన్ అనే అంతర్జాతీయ పర్యావరణ బహుమతి వచ్చింది. ఆ డబ్బు ఇంటికి పట్టుకెళ్లలేదు. చింగారీ ట్రస్టు పెట్టారు. గ్యాస్ తగిలిన ఇళ్లలో అవిటితనంతో పుట్టిన పిల్లలకు అక్కడ వైద్యం చేయిస్తున్నారు.

ఇలాంటి సంఘాలు ఊరుకోకుండా అడగబట్టే కొన్ని పనులు జరిగాయి. పరిహారం రాకముందే 1990 నుంచి మనిషికి నెలకు 200 రూపాయలు ఇచ్చారు. నీళ్లు పాడైన బస్తీలకు మంచినీళ్లు ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల విష చెత్తను 2025 జనవరిలో బయటికి తీశారు. అంటే 40 ఏళ్లకు. దాన్ని పీథంపూర్ అనే ఊరికి పట్టుకెళ్లి కాల్చారు. 'మా ఊరికి ఎందుకు తెచ్చారు?' అని అక్కడి జనం నిలదీశారు. వాళ్ల ప్రశ్న కూడా న్యాయమైనదే. ఒక ఊరి విషం ఇంకో ఊరికి చేరితే బాధ తీరినట్టా?

6. మన విశాఖలో

భోపాల్ దూరం అనుకుంటున్నారా? 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఇలాంటిదే జరిగింది. అక్కడ ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ఉంది. కరోనా లాక్‌డౌన్ వల్ల అది మూతపడి ఉంది. ట్యాంకులో స్టైరీన్ అనే ద్రవం నిల్వ ఉంది. దాన్ని ప్లాస్టిక్ తయారీకి వాడతారు. సరిగా చల్లబరచకపోవడంతో అది వేడెక్కింది. ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. జనం రోడ్ల మీదే పడిపోయారు. పశువులు చచ్చిపోయాయి.

భోపాల్‌తో పోలిస్తే కొన్ని పనులు త్వరగా జరిగాయి. పోలీసులు, సహాయ దళాలు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని బయటికి తెచ్చారు. చనిపోయినవారి కుటుంబాలకు కొద్ది రోజుల్లోనే కోటి రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది. 50 కోట్లు కట్టమని జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే కంపెనీని ఆదేశించింది. విచారణ కమిటీ వేశారు. కంపెనీ అధికారులను అరెస్టు చేశారు.

కానీ ఒక్క సంగతి మారలేదు. అక్కడ కూడా ప్రమాద సైరన్ మోగించలేదు. విచారణ కమిటీయే ఈ మాట రాసింది. 36 ఏళ్ల తర్వాత కూడా ఊరు నిద్రలోనే ఉంది.

పరిహారం ప్రాణం పోయాక వస్తుంది. సైరన్ ప్రాణం పోకముందు మోగాలి. అది మోగుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

7. మనం ఏం చెయ్యాలి?

ప్రమాదం రాకముందు:
- ఫ్యాక్టరీలో ఏం వాడతారో అడగండి. సైరన్ ఉందా, ఎలా మోగుతుందో అడగండి.
- ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ఊరివాళ్లకు చేసి చూపించమనండి.
- రేషన్ కార్డు, ఆధార్, ఆసుపత్రి కాగితాలు ఒకే సంచిలో పెట్టుకోండి.

వాయువు లీకైతే:
- గాలి ఎటు వీస్తోందో చూడండి. చెట్ల ఆకులు, ఎగిరే గుడ్డ చూస్తే తెలుస్తుంది.
- గాలి వీచే వైపు పరుగెత్తకండి. ఫ్యాక్టరీ వైపు పోకండి. గాలికి అడ్డంగా పక్కకు వెళ్లండి.
- తడి గుడ్డ ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకోండి. పిల్లలకూ పెట్టండి.
- పిల్లల్ని కింద నడిపించకండి, ఎత్తుకోండి. పల్లంలోకి, గోతుల్లోకి దిగకండి.
- కళ్లు మండితే మంచినీళ్లతో బాగా కడగండి.
- 112 నంబరుకు ఫోన్ చెయ్యండి. అధికారులు చెప్పేదాకా ఇంటికి తిరిగి రాకండి.

8. ఉత్తరం రాద్దాం

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. సర్కారు ఆఫీసులో ఉన్న వివరాలు ఎవరైనా అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేదరికపు రేఖకు దిగువన ఉన్నవాళ్లు రుసుం కట్టక్కర్లేదు. ఈ ఉత్తరం చదవండి. ఖాళీలు నింపి మీరే రాయండి.

సమాచార అధికారి గారికి,
ఫ్యాక్టరీల శాఖ కార్యాలయం, ................ జిల్లా.

అయ్యా / అమ్మా,
మా ఊరు ................. మా ఊరి దగ్గర ................ ఫ్యాక్టరీ ఉంది. సమాచార హక్కు చట్టం కింద ఈ వివరాలు ఇవ్వండి.
1. ఆ ఫ్యాక్టరీలో ఏ ప్రమాదకర పదార్థాలు నిల్వ ఉన్నాయి? ఎంత ఉన్నాయి?
2. ప్రమాదం జరిగితే ఊరిని కాపాడడానికి రాసుకున్న పథకం నకలు ఇవ్వండి.
3. అధికారులు ఆఖరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు? ఏ లోపాలు రాశారు?
ఇట్లు,
పేరు: ................ సంతకం: ................ తేదీ: ................

ఉత్తరం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఒక్కరే వెళ్లకండి. సంఘంలో చెప్పి నలుగురూ కలిసి వెళ్లండి.

కొత్త మాటలు

పరిహారం: జరిగిన నష్టానికి ఇచ్చే డబ్బు
బాధితులు: నష్టపోయినవాళ్లు
తనిఖీ: సరిగా ఉందో లేదో చూడడం
నకలు: కాగితానికి కాపీ

ఆలోచించండి, మాట్లాడండి

1. భోపాల్‌లో ముందే హెచ్చరిక వచ్చింది. అది బస్తీ జనానికి ఎందుకు చేరలేదు?
2. రాజీ పడేముందు బాధితులను అడిగి ఉంటే ఏమయ్యేది?
3. భోపాల్‌కూ విశాఖకూ మధ్య ఏం మారింది? ఏం మారలేదు?
4. ఫ్యాక్టరీ వల్ల ఊళ్లో కొందరికి పని దొరుకుతుంది. ప్రమాదం గురించి అడిగితే పని పోతుందని వాళ్లు భయపడితే ఏం చెబుతారు?
5. మీ ఊరి నీళ్లు, గాలి, నేల గురించి మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటి రాయండి. అందరి ముందూ చదవండి.