ఆటిజము గల బిడ్డకు ఇంటి భాషలో శిక్షణ

బహ్రెయిన్ రాజధాని మనామాలో హూరా యనునది జనసమ్మర్దము గల పేట. 1990లో తెరువబడిన బైతుల్ ఖురాన్ ప్రదర్శనశాల ఇచటనే యున్నది. ఎగ్జిబిషన్ రోడ్డు పొంతనున్న పెద్ద భవనములలో పలు దేశములవారు ఇరుగుపొరుగుగా నివసింతురు. అట్టి భవనములో ఒక తెలుగు కుటుంబమును భావింపుడు. వీధిలో అరబ్బీ, లిఫ్టులో హిందీ, మలయాళము, బడిలో ఇంగ్లీషు, ఇంట తెలుగు. నాలుగేండ్ల కుమారునకు ఆటిజము గలదని వైద్యులు నిర్ణయించిరి. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండ. బయట ఆటలు లేవు. అమ్మమ్మ రాజమహేంద్రవరమున నున్నది. ఇట్టి తల్లిదండ్రులకు తరచుగా లభించు సలహా యొకటి గలదు: "ఇన్ని భాషలతో బిడ్డ తికమకపడును. తెలుగు మాని ఇంగ్లీషొక్కటే మాటలాడుడు."

సలహా సదుద్దేశముతో ఇచ్చునదే. కాని దానికి తగిన ఆధారము లేదు. రెండు భాషలు వినుచు పెరిగిన ఆటిజము గల పిల్లలను ఒకే భాషలో పెరిగిన అట్టి పిల్లలతో పోల్చిన పరిశోధనలలో, రెండవ భాష వలన మాటకు హాని కలిగినట్లు కనబడలేదు. నష్టము వేరొక దిక్కున గలదు. సాంఘిక నైపుణ్యమనగా మనుష్యులతో మెలగుట. మెలగుటకు మొదట మనుష్యులు కావలెను గదా! తెలుగు మానిన దినమున ఆ బాలునికి అమ్మమ్మ దూరమగును. తల్లి బుజ్జగింపు సైతము అరువు భాషలో పలుచబడును. 1860లో 'ట్రూరో' ఓడ మదరాసు నుండి నేటాలునకు కూలీలను చేర్చినది మొదలు, తోటలలో స్థిరపడిన వారి సంతతికి ఈ సంగతి కొత్త కాదు. భాష భజనలలో మాత్రమే మిగిలిన యింట, అవ్వయు మనుమడును ఒకే గదిలో మాటలేక కూర్చుండుట వారెరిగినదే.

ఆటిజము పెంపకపు దోషము కాదు. మెదడు పెరుగుదలలోని భేదము. బాల్టిమోరు వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను వర్ణించుచు, వారు "నేను", "నీవు" అను మాటలను తారుమారు చేయుట గమనించెను. తెలుగున ఈ చిక్కు క్రియ చివరనే దాగియుండును. "నీళ్ళు తాగుతావా?" యని తల్లి యడుగగా బిడ్డ దాహముతో "తాగుతావా" యనును. ఇది వట్టి చిలుకపలుకు కాదు; ఇట్టి మారుపలుకులకు ప్రయోజనము గలదని 1981లోనే పరిశోధకులు చూపిరి. దిద్దుటకు ఇద్దరు కావలెను. తల్లి గ్లాసు పట్టుకొని ఎదుట నిలువగా, తండ్రి బిడ్డ వెనుక కూర్చుండి, బిడ్డ పక్షమున "తాగుతాను" అని పలుకవలెను. బిడ్డ ఆ మాటననుకరింపగానే, సగము పలికినను సరే, నీరు చేతికందవలెను. "తప్పు, మళ్ళీ చెప్పు" అని గద్దించుట వలన దాహము పెరుగునేగాని మాట పెరుగదు.

మొట్టమొదట నేర్పదగినవి మూడు మాటలు: "కావాలి", "వద్దు", "చాలు". పెద్దలు మొదటిదానిని ముద్దుచేసి, రెండవదానిని మొండితనమందురు. ఇది పొరపాటు. "వద్దు" అనలేని బిడ్డ కొరుకును, కేకలువేయును. పరుల చెడు స్పర్శను సైతము నివారింపలేడు. నోట మాట రాని బిడ్డకు బొమ్మకార్డు గాని చేతిసైగ గాని చాలును. వాటివలన మాట వెనుకబడదు.

వంతు నేర్పుటకు అష్టాచెమ్మా మేలైన సాధనము. వంతు అనునది కంటికి కనబడని విషయము; నాలుగు గవ్వలు చేతినుండి చేతికి మారునప్పుడు అది కనబడును. చమ్మ గాని అష్ట గాని పడిన మరల వేయు నియమమును మొదట విడువవలెను. వరుస కుదిరిన పిదప చేర్పవచ్చును. ఐదు నిమిషములాడి, బిడ్డ విసుగుటకు ముందే ఆపుట మంచిది.

పలుకరింపు విషయమున తెలుగువారికొక సౌకర్యము గలదు. కరచాలనము, కౌగిలి, చెక్కిలి చేర్చుట కొందరు పిల్లలకు దుర్భరము. నమస్కారమునకు స్పర్శ అక్కరలేదు. కన్నులలోనికి చూడనక్కరయు లేదు. గడ్డము పట్టి "ఇటు చూడు" అని బలవంతపెట్టు అలవాటును మానవలెను. చూపు తిప్పుకొనియే శ్రద్ధగా వినువారు గలరు.

ఉగాదికి పదిమందిలోనికి వెళ్ళుటకు ముందు చిన్న కథ వ్రాసి చదివి వినిపింపవలెను. కెరోల్ గ్రే 1991 ప్రాంతమున ప్రచారము చేసిన పద్ధతి యిది. "హాలులో చాలామంది ఉంటారు. మైకు గట్టిగా మోగుతుంది. చెవులు మూసుకోవచ్చు. చాలు అంటే నాన్న బయటికి తీసుకువెళతాడు." చివరి వాక్యమును తండ్రి తప్పక నిలుపుకొనవలెను; ఒకమారు తప్పిన కథపై నమ్మకము పోవును. ఉగాది పచ్చడిని నోట కుక్కరాదు. వాసన చూచినను ఆ యేటికి చాలును. ఇంటి సాధన వాక్చికిత్సకు తోడేగాని బదులు కాదు.

పెద్దలును నేర్చుకొనవలసినది కొంత గలదు. అపార్థము ఇరుపక్షములదియు నని, తానును ఆటిజము గల డేమియన్ మిల్టన్ 2012లో వాదించెను. శుక్రవారము ఫోనులో అమ్మమ్మ "అన్నం తిన్నావా, ఏం కూర, బడికి వెళ్ళావా" అని ఒక్క గుక్కలో అడుగును. ఒక్కటే ప్రశ్న యడిగి, మనసులో పది లెక్కించుమని ఆమెకు తెలుపవలెను. ఏడెనిమిది వరకు నిశ్శబ్దముగనే యుండవచ్చును. పిదప "పప్పు" అని వినబడవచ్చును. లేదా "అమ్మమ్మా, చాలు" అని వినబడవచ్చును; అప్పుడు ఫోను పెట్టివేయవలెను. అమ్మమ్మ మరుసటి శుక్రవారము మరల పిలుచును.