గీతలు పడిన కారుకు క్లెయిమ్ చేయాలా?

ప్రశ్న: వీధిలో పెట్టిన మా కారు తలుపులపై రాత్రి ఎవరో మేకుతో గీశారు. షెడ్డులో రూ. 9,000 అవుతుందన్నారు. మూడేళ్లుగా క్లెయిమ్ చేయలేదు. ఇప్పుడు చేయమంటారా?

జవాబు: థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే పైసా రాదు. కాంప్రహెన్సివ్ ఉంటే వస్తుంది కానీ, ముందు లెక్క చూసుకోండి. 1500 సీసీ లోపు కారుకు రూ. 1,000 మీరే భరించాలి. కాబట్టి చేతికొచ్చేది మహా అయితే 8,000. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకుందాం. మీ 35 శాతం నో క్లెయిమ్ బోనస్ వచ్చే ఏడాది 45 కావాల్సింది సున్నా అవుతుంది. అంటే 4,500 నష్టం. ఆపై ఏడాది 50కి బదులు 20 శాతమే కాబట్టి ఇంకో 3,000. ఇక మిగిలేది 500! బోనస్‌ను కాపాడే యాడాన్ లేకపోతే సొంత డబ్బుతోనే బాగు చేయించుకోండి. అద్దాలు కూడా పగిలి బిల్లు 20,000 దాటితే మాత్రం ఫొటోలు తీసి, పోలీసులకు ఫిర్యాదు చేసి, రిపేరుకు ముందే కంపెనీకి తెలపండి.