సంగీతం టీచర్‌ని ఎంచుకునే ముందు

మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ వైపు అమ్మానాన్నలు తరచూ అడుగుతుంటారు: "దగ్గర్లో మంచి సంగీతం టీచర్ ఎవరున్నారండీ?" ఇంటికి దగ్గరా, ఫీజు ఎంత అన్నవి ఎలాగూ చూసుకుంటారు. ముందు ఆ టీచర్ దగ్గర నేర్చుకుంటున్న పిల్లల పాట వినండి. పట్రాయని సీతారామశాస్త్రి గారు స్వయంగా గొప్ప గాయకులు. అయినా విజయనగరంలో ఆయన ఉచితంగా పాఠం చెప్పిన ఘంటసాల వల్లే మనలో చాలామందికి ఆయన పేరు తెలుసు.

చేర్పించే ముందు ఒకరోజు క్లాసులో ఓ మూల కూర్చోండి. శ్రుతి సంగతి గమనించండి. మగవాళ్ల గొంతు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పలుకుతుంది. ఎనిమిదేళ్ల పాపకు అయిదో, అయిదున్నరో హాయిగా ఉంటుంది. గురువుగారి శ్రుతిలోనే పాడమంటే పై షడ్జమం దగ్గర పాప గడ్డం పైకెత్తుతుంది, మెడ నరాలు బిగుస్తాయి, గొంతు కీచుమంటుంది. అది చూడగానే ఆపి, శ్రుతిపెట్టె మార్చి, మళ్లీ నెమ్మదిగా పాడించారా? ఇంక వెతకక్కర్లేదు, అక్కడే చేర్పించండి. "ఇంకా గట్టిగా!" అని గదమాయించారా? నమస్కారం పెట్టి వచ్చేయండి. పిల్లల గొంతుకు రోజూ అంత శ్రమ మంచిది కాదు.

నెలలు గడిచినా సరళీవరసలేనా అని కంగారు పడకండి. మాయామాళవగౌళలో ఆ వరసలు మూడు కాలాల్లోనూ తాళం తప్పకుండా వస్తేనే రేపు గీతమైనా, వర్ణమైనా నిలబడుతుంది. స్కూల్ వార్షికోత్సవానికి ఒక కీర్తన బట్టీ పట్టించమని టీచర్‌ని తొందరపెట్టేది ఎక్కువగా మనమే. అది మానుకోవాలి.

మగపిల్లలకు పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారుతుంది. చాలా ఇళ్లలో అప్పుడే సంగీతం మాన్పించేస్తారు, నాకు బాధనిపిస్తుంది. శ్రుతి తగ్గించి, సాధన కొంచెం తేలిక చేసి ఆ రోజులు దాటించే గురువులున్నారు. చేర్పించేటప్పుడే ఆ మాట అడగండి.

పద్ధతిగా పరీక్షలు రాయించాలనుకుంటే రాంకోఠిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. 1952 నుంచి నడుస్తోంది, మనకు మరీ దూరమూ కాదు.

ఎక్కడ చేర్పించినా అప్పుడప్పుడూ వెళ్లి కూర్చుంటూ ఉండండి. తల్లిదండ్రుల్ని క్లాసులోకి రానివ్వని చోటికి మాత్రం, ఎంత పేరున్న గురువైనా సరే, పిల్లల్ని పంపకండి.