రహెబోతు: ఎడమిచ్చిన బావి
పాఠ్యభాగము: ఆదికాండము 26:17-31



నీరు దేవుని దానము. అయినను నీటియొద్దనే మనుష్యులు పోరాడుదురు. ఇంగ్లండు, వేల్సులలో సముద్రపు పోటు తగులని నదుల అడుగుభూమి సాధారణముగా ఒడ్డు గలవానిదే. అతడు చేపలు పట్టు హక్కును గాలము వేయువారికి కౌలుకిచ్చును. తెడ్డు పడవలవారో, పారు నీటికి యజమానుడెవడందురు. 2000 సంవత్సరపు చట్టము కొండలను, బీళ్లను నడచువారికి తెరచెను గాని నదులను తెరువలేదు. స్కాట్లండులో 2003 చట్టము నదులను సహితము తెరచెను. అయితే బాధ్యతతో మెలగవలెనని షరతు పెట్టెను.

ప్రతివాని మాటలోను కొంత న్యాయమున్నది. కౌలు చెల్లించినవాడు నెమ్మది గోరును. సాల్మన్ చేపలు చలికాలమున గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును. లోతులేని నీట పడవ రాచుకొనిన అవి చెడును. పడవవాడు నీటిని తరుగజేయడు, దాటిపోవును.

ఇస్సాకు త్రవ్వించిన ఊటబావికై గెరారు కాపరులు జగడమాడిరి. దానికి ఏశెకు, రెండవదానికి శిత్నా అని పేరుపెట్టి అతడు తొలగిపోయెను. మూడవది రహెబోతు, అనగా ఎడము. గమనించుడి: అతడు హక్కు విడిచెను గాని త్రవ్వుట మానలేదు. పిమ్మట అబీమెలెకే వచ్చి నిబంధన కోరగా, ఇస్సాకు విందు చేసెను.

మనలోను కాలువ వంతుకై, గట్టుమీది దారికై పలుకరించుకొననివారు ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చుట లేదా? కానుకకంటె ముందు సమాధానపడుమని ప్రభువు సెలవిచ్చెను (మత్తయి 5:23-24). ఈ నెల సంస్కారమునకు ముందే పొరుగువాని గడప త్రొక్కుడి.

ప్రశ్నలు: 1. నా బావి పేరు ఏశెకా, రహెబోతా? 2. నేను ఎవనికి ఎడమియ్యవలెను?